పన్నెండు పేర్లు

మా ఆఫీసులో కొత్త డైరెక్టర్ వచ్చి మూడు వారాలైంది. మొన్న శుక్రవారం సాయంత్రం నన్ను గదిలోకి పిలిచి, తలుపేసి, "మీ టీంలో పద్నాలుగు మంది ఉన్నారు, నాకు తొమ్మిది మంది చాలు. సోమవారం పొద్దున్నకల్లా పేర్లు పంపు" అన్నాడు. ఒక ఎక్సెల్ షీటు కూడా ఇచ్చాడు. పేరు, స్కిల్స్, రేటింగు... చివర్లో 'అవైలబిలిటీ' అని ఓ కాలమ్. మిగతా ఐదుగురి సంగతేంటని అడిగితే అది హెచ్చార్ చూసుకుంటుందట. హెచ్చార్ ఎలా చూసుకుంటుందో మనందరికీ తెలిసిందే కదా.

బయటికొచ్చి పక్క టీం మిత్రుడి దగ్గర కాసేపు ఏడ్చాను. ఆయన కెంటకీలో ఎమ్మెస్ చేసొచ్చాడు, కాలేజీ బాస్కెట్‌బాల్ అంటే పిచ్చి. "దీనికే ఇంత బాధా? 2024లో మా వాళ్ళకి ఒక్కడూ మిగల్లేదు" అని మొదలెట్టాడు. పదిహేను సీజన్లు ఏలిన కాలిపరి అనే కోచ్ అర్కాన్సాకి వెళ్ళిపోయాడు. ఆయన స్థానంలో మార్క్ పోప్ వచ్చేసరికి, ముందు ఏడాది స్కాలర్‌షిప్ మీద ఆడినవాళ్ళలో ఒక్కడు కూడా లేడు. కొందరు ఎన్‌బీఏ దారి పట్టారు, మిగతావాళ్ళు వేరే కాలేజీలకి పోయారు. పోప్ ఏం చేశాడు? ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లోంచి అప్పటికే మూడు నాలుగేళ్ళు ఆడిన వాళ్ళని ఏరుకొచ్చి కొత్త టీం కట్టాడు. ఈ పోర్టల్ 2018లో వచ్చింది. 2021 నుంచి, కాలేజీ మారితే ఏడాదిపాటు ఆడకుండా కూర్చోవాలన్న రూలు కూడా సడలింది. అదే ఏడాది జులై నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీద డబ్బు కూడా సంపాదించుకోవచ్చు. అంటే అచ్చంగా మన నౌకరీ డాట్ కామ్ అన్నమాట, నోటీసు పీరియడ్ గొడవ కూడా లేకుండా. :) తమాషా ఏంటంటే 2025లో కెంటకీ, అర్కాన్సా రెండూ చివరి పదహారు జట్ల దాకా వెళ్ళాయి.

ఆయన చెప్తూనే ఉన్నాడు గానీ నా బుర్ర అప్పటికే విశాఖపట్నం వెళ్ళిపోయింది.

మా ఇంజినీరింగ్ కాలేజీకి పోర్టలూ లేదు, స్కాలర్‌షిప్పూ లేదు. ఎంసెట్ కౌన్సిలింగ్ ఎవర్ని పంపిస్తే వాళ్ళే మా ఆటగాళ్ళు. నేను చేరింది 2014లో. రాష్ట్ర విభజన గొడవల్లో కౌన్సిలింగ్ ఆలస్యమై, క్లాసులు మొదలై సర్దుకునేలోపే అక్టోబర్ 12, ఆదివారం నాడు హుద్‌హుద్ వచ్చింది. ఆ రోజు వైజాగ్‌లో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. లేనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. ఎయిర్‌పోర్టు కప్పు లేచిపోయింది, కైలాసగిరి పచ్చదనం ఒక్క పూటలో మాయమైంది. మా బాస్కెట్‌బాల్ కోర్టు మీద రెండు పెద్ద చెట్లు పడ్డాయి. ఒక పక్క పోల్ పూర్తిగా ఒరిగిపోయింది, రెండో పక్క బోర్డు పగిలి రింగు వంగిపోయింది.

కాలేజీ వాళ్ళకి అప్పుడు లాబుల కిటికీలే దిక్కులేవు, కోర్టు ఎవరికి పట్టింది? పట్టించుకున్నది మా బ్యాచ్ గాజువాకోడు. వాళ్ళ నాన్నకి ఆటోనగర్‌లో చిన్న వెల్డింగ్ షాపు ఉండేది. మా నలుగుర్నీ పోగేసి కొమ్మలు కొట్టించాడు. వంగిన రింగుని గోనె సంచిలో చుట్టుకుని సిటీ బస్సులో షాపుకి పట్టుకెళ్ళి, సరిచేయించి తెచ్చాడు. టేపు పెట్టి నేల నుంచి 3.05 మీటర్లు కొలిచి మరీ బిగించాడు. తర్వాత ఏడాది పైగా మేం ఆడింది ఆ ఒక్క రింగు మీదే.

2016లో నేను మూడో ఏడాదికొచ్చేసరికి, టీంలో పన్నెండు మందికి ఏడుగురు ఫైనలియర్ అయిపోయి వెళ్ళిపోయారు. ముందు ఏడాది మొదటి రౌండ్‌లోనే 31 పాయింట్ల తేడాతో ఓడిన ఘనత మాది. మిగిలిన ఐదుగురిలో ఎవరూ ఒప్పుకోక నన్ను కెప్టెన్ చేశారు. అప్పుడొచ్చారు కొత్త కోచ్. స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన మనిషి, ఒకప్పుడు అక్కడి టీంలో ఆడారు. కూర్మన్నపాలెం నుంచి ఊరికి ఆ చివరనున్న మా కాలేజీకి పాత స్కూటర్ మీద పొద్దున్న ఐదున్నరకి వచ్చేసేవారు. ఏ-షిఫ్టు అలవాటు అనేవారు.

సెలక్షన్‌కి నలభై మంది దాకా వచ్చాం. నాలుగు రోజులు బంతి ముట్టుకోనివ్వలేదు. పరుగులు, మోకాళ్ళు వంచి పక్కకి జరగడం, మళ్ళీ పరుగులు. మూడో రోజుకి సగం మంది రావడం మానేశారు. ఐదో రోజు బంతి ఇచ్చి డ్రిబ్లింగ్ చెయ్యకూడదు, పాస్‌లే ఇవ్వాలన్నారు. మాలో స్టైలుగా ఆడేవాళ్ళందరి బండారం పది నిమిషాల్లో బయటపడింది, నాది కూడా.

ఆయన అసలు తెలివి ఎక్కడంటే, బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళ కోసం వెతకలేదు. మన పల్లెటూళ్ళలో బాస్కెట్‌బాల్ ఎవడాడతాడండీ? వాలీబాల్, కబడ్డీ ఆడతారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఇద్దరు ఫస్టియర్ వాలీబాల్ కుర్రాళ్ళని పట్టుకొచ్చారు. బంతి ఎక్కడ పడుతుందో చూసి సమయానికి ఎగరడం వాళ్ళకి పుట్టుకతో వచ్చినట్టుండేది. కాకపోతే రీబౌండ్ పట్టుకోమంటే స్మాష్ కొట్టేవారు, బంతి వెళ్ళి క్యాంటీన్ రేకుల మీద పడేది. భీమవరం వైపు కబడ్డీ కుర్రాడైతే ఎదుటివాణ్ణి ఆపమంటే నడుం పట్టేసుకునేవాడు. మొదటి ప్రాక్టీస్ మ్యాచ్‌లో, మొదటి క్వార్టర్ అయ్యేలోపే ఐదు ఫౌళ్ళు చేసి బయటికొచ్చేశాడు. "ఏట్రా, కూత కూడా పెడతావేటి?" అని సార్ అరిచారు. మూణ్ణెల్లకి ఆ కుర్రాణ్ణి దాటుకుని ఎవడూ లోపలికి రాలేకపోయాడు.

మా అందరిలోకీ పొడుగువాడు ఆరడుగుల ఒక అంగుళం. అందుకని టూ-త్రీ జోన్ నేర్పించారు. ముందు ఇద్దరు, రింగు కింద ముగ్గురు. లోపల దారి మూసేస్తే ఎదుటివాళ్ళు దూరం నుంచే కొట్టాలి. మన దగ్గర కోర్టులెక్కువ ఆరుబయటే, పైగా సముద్రం గాలి, అంత దూరం నుంచి ఎన్ని పడతాయి? మా కోర్టు మీద త్రీ-పాయింట్ గీత ఇంకా పాతదే, 6.25 మీటర్లది. 2010లోనే అది 6.75కి మారింది. ఆయన వచ్చేదాకా ఎవరూ గమనించలేదు. ఆయనే టేపు పెట్టి, సుద్దపొడితో కొత్త గీత గీశారు.

ఇంక గాజువాకోడి సంగతి. వాడు మా పాయింట్ గార్డు. రోజూ ఆరుంపావుకో, ఆరున్నరకో వచ్చేవాడు. అంతకంటే దూరం నుంచి ముసలాయన ఐదున్నరకే వస్తుంటే, వీడి ఆలస్యానికి సాకు ఏముంటుంది? కానీ ఉంది. ఆ వేసవిలో వాళ్ళ నాన్న నిచ్చెన మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నారు. పొద్దున్నే వీడు షట్టర్ తీసి, పనివాడికి సామాను అప్పచెప్పి బస్సెక్కాలి. ఈ సంగతి నాకొక్కడికే చెప్పాడు. "ఎవరికీ చెప్పకు మామా, జాలి పడతారు" అన్నాడు.

ఆగస్టులో ఒక రోజు సార్ రూళ్ళ నోట్‌బుక్ పట్టుకుని నా పక్కన కూర్చున్నారు. పదకొండు పేర్లు రాసున్నాయి. పన్నెండో గీత ఖాళీ. ఒక సెకండియర్ కుర్రాడు అప్పటికే బాగా ఆడుతున్నాడు, నిజం చెప్పాలంటే మావాడికంటే వేగం. సార్ అడిగారు. "కెప్టెన్, ఆ గాజువాక అబ్బాయి సంగతేటి? బద్ధకమా, ఏదైనా ఇబ్బందా?"

"తెలీదు సార్" అన్నాను.

మాటిచ్చాను కాబట్టి చెప్పలేదని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. నాకు గెలవాలని ఉండింది. 31 పాయింట్ల తేడాతో మళ్ళీ ఓడిపోవాలని లేదు.

సెమీస్ దాకా వెళ్ళాం, నాలుగు పాయింట్లతో ఓడిపోయాం. కాలేజీలో మా ఫోటో పెట్టారు. వాడు ఆ రోజు నుంచి కోర్టు వైపు రాలేదు. నాతో మాత్రం మామూలుగానే ఉన్నాడు, ఫోటో చూసి "మంచి టీం రా" అన్నాడు. అంతే.

టోర్నమెంట్ అయ్యాక ఉండబట్టలేక సార్‌కి అసలు విషయం చెప్పాను. ఆయన తిట్టలేదు. స్కూటర్ స్టాండ్ తీస్తూ, "అప్పుడే చెప్పుంటే ప్రాక్టీసు సాయంత్రానికి మార్చేవాణ్ణి కదరా. నాకేటి, రిటైరైనోణ్ణి" అన్నారు. మర్నాడే వాడి దగ్గరికెళ్ళి ఫైనలియర్‌లో ఆడమని అడిగారు కూడా. వాడు ఉద్యోగం వెతుక్కోవాలని చెప్పి రానన్నాడు.

ఇప్పుడు ఆదివారం రాత్రి పదకొండు దాటింది. షీట్‌లో ఎనిమిది పేర్లు నింపాను. మా టీంలో ఒకతను పొద్దున్న పదకొండుకి గానీ లాగిన్ అవ్వడు. ఎందుకో నాకు తెలుసు, టీ దగ్గర చెప్పాడు, ఎవరికీ అనొద్దన్నాడు. కొత్త డైరెక్టర్‌కి తెలీదు. అవైలబిలిటీ కాలమ్‌లో అతని గడి ఇంకా ఖాళీగానే ఉంది. చెప్పొచ్చా అని అడుగుదామని సాయంత్రం నుంచి రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. పొద్దున్నే మళ్ళీ చేస్తాను.