చంపారణ్యం: ఒక తెలుగు తల్లి వదలి వెళ్ళిన అడవి

విజయనగరం నుండి రాయపూర్‌కు రైలు మార్గం 1931లో పూర్తయినది. ఉత్తరాంధ్రవాసులకు నాటినుండి రాయపూర్ పొరుగూరు వంటిదే. మహాసముంద్ దాటిన కొంతసేపటికి బండి మహానది వంతెన ఎక్కుతుంది. నదీమతల్లికి నమస్కరించి ప్రయాణికులు సామానులు సర్దుకోవడంలో పడతారు. ఆ నదికి ఎగువన, అంత దూరం కాని చోట, ఒక తెలుగు ఇల్లాలు తన బిడ్డ చనిపోయినదనుకొని జమ్మిచెట్టు క్రింద ఉంచి వెళ్ళిన అడవి ఉన్నదని వారిలో చాలమందికి తెలియదు. గుజరాత్ నుండి, రాజస్థాన్ నుండి వందల మైళ్ళు ప్రయాణించి వచ్చే భక్తులకు మాత్రం అది బాగా తెలుసు.

ఆ ఊరి పేరు చంపారణ్యం. హిందీవారు చంపారణ్ అంటారు. 1917లో గాంధీజీ నీలిమందు రైతుల కోసం సత్యాగ్రహం సాగించిన బీహారులోని చంపారణ్ వేరు, ఇది వేరు. పూర్వం దీనిని చంపాఝర్ అనేవారు. ఛత్తీస్‌గఢ్ రాజధాని అయిన రాయపూర్ నుండి ఆరంగ్ మీదుగా సుమారు 60 కిలోమీటర్లు ప్రయాణిస్తే ఇక్కడికి చేరవచ్చును. మహానది, పైరి, సోంఢూర్ నదుల సంగమస్థానమైన రాజిమ్ క్షేత్రం సమీపంలోనే ఉన్నది. అక్కడి రాజీవలోచన స్వామిని సేవించినవారు చంపారణ్యం చూడకుండా మరలిపోవడం అరుదు.

ఈ అడవిలో మొదట వెలసినవాడు శివుడు. పశువులను మేపుకొనే గోపాలకుని ఆవు ఒకటి ప్రతి దినమూ మందను విడిచి అడవిలోకి పోయేదట. సాయంకాలం పితికితే దాని పొదుగులో పాలు ఉండేవి కావు. అనుమానించిన గోపాలకుడు ఒకనాడు దాని వెంట నడిచాడు. చెట్ల నడుమ ఒక రాతిమీద ఆవు తనంతట తానే పాలు కురిపించడం చూచి విస్మయం చెందాడు. ఆ శిలయే నేటి చంపేశ్వర మహాదేవుడు. ఒకే లింగంలో శివుడు, పార్వతి, గణపతి ముగ్గురూ ఉన్నారని భక్తుల విశ్వాసం. పుట్టమీద పాలు కురిపించిన ఆవు కథ మన తిరుమలకూ ఉన్నది కనుక తెలుగు పాఠకునికి ఇది క్రొత్తగా తోచదు. అయితే ఈ క్షేత్రానికి దేశమంతటా పేరు తెచ్చిన కథ రెండవది.

కృష్ణానదికి దక్షిణాన ఉన్న ప్రాంతాన్ని పూర్వం వెలనాడు అనేవారు. అక్కడి బ్రాహ్మణులు వెలనాటివారు. వారిలో కాంకరవాడ గ్రామానికి చెందిన ఒక కుటుంబం తరతరాలుగా సోమయాగాలు చేస్తూ వచ్చినది. నూరు సోమయాగాలు పూర్తి కాగానే భగవంతుడు ఆ ఇంట అవతరిస్తాడని వారికి వరమున్నదట. యజ్ఞనారాయణభట్టుతో ఆరంభమైన ఆ లెక్క అయిదవ తరంవాడైన లక్ష్మణభట్టు నాటికి నూరు అయినది. లక్ష్మణభట్టు భార్య ఇల్లమ్మ. దంపతులు కాశీకి పోయి అక్కడ నివసించసాగారు.

ఇంతలో కాశీమీదికి దండు వస్తున్నదని వదంతి పుట్టినది. ఇది వట్టి కథ అని కొట్టివేయడానికి వీలు లేదు. ఆ కాలంలో కాశీ జౌన్‌పూర్ సుల్తానుల ఏలుబడిలో ఉండేది. వారికీ ఢిల్లీ పాలకుడు బహలూల్ లోడీకీ ఏళ్ళ తరబడి యుద్ధాలు జరిగి, చివరకు 1479లో జౌన్‌పూర్ ఓడిపోయినది. సంప్రదాయం చెప్పే కథ కూడ ఆ సంవత్సరానిదే. ప్రాణభయంతో దక్షిణానికి పారిపోతున్న జనంలో ఈ తెలుగు దంపతులూ ఉన్నారు. ఇల్లమ్మ అప్పుడు నిండు గర్భిణి కూడ కాదు. నెలలు ఇంకా మిగిలి ఉన్నవి. వందల మైళ్ళ కాలినడక, అడవిదారి, చీకటి. చంపారణ్యం చేరేసరికి ఆమెకు నొప్పులు వచ్చినవి. పుట్టిన బిడ్డలో చలనం లేదు. ఏడ్చుటకు కూడ వ్యవధి లేని ఆ తల్లిదండ్రులు శిశువును బట్టలో చుట్టి, జమ్మిచెట్టు మొదట ఉంచి, ముందుకు సాగిపోయారు.

ఆ రాత్రి వారికి స్వప్నంలో శ్రీకృష్ణుడు కనబడి ఆ బిడ్డ తానేనని చెప్పాడట. తెల్లవారగానే వెనుకకు పరుగెత్తారు. జమ్మిచెట్టు చుట్టూ అగ్ని వలయంగా మండుతున్నది. నడుమ శిశువు కాలు ఆడిస్తూ ఆడుకొంటున్నాడు. ఇల్లమ్మ వెనుదీయక అడుగు ముందుకు వేసినది. అగ్ని దారి యిచ్చినది. అగ్ని రక్షించిన ఆ బిడ్డడే శుద్ధాద్వైత సిద్ధాంతాన్ని ప్రతిపాదించి, పుష్టిమార్గాన్ని నెలకొల్పిన వల్లభాచార్యులు. ఆయనను అగ్నిస్వరూపునిగా భక్తులు భావించడానికి మూలం ఈ కథయే. కాశీ భద్రంగా ఉన్నదని తెలిసి తల్లిదండ్రులు బిడ్డతో అక్కడికే తిరిగి వెళ్ళారు.

పుష్టిమార్గీయులు ఆచార్యులు జన్మించారని అనరు, ప్రకటమయ్యారంటారు. అందుచేత చంపారణ్యంలోని ముఖ్యస్థానానికి ప్రాకట్య బైఠక్ అని పేరు. బైఠక్ అనగా ఆసనం. వల్లభాచార్యులు భారతదేశాన్ని పాదరక్షలు లేకుండా మూడు పర్యాయాలు చుట్టివచ్చారనీ, ఆగిన చోటనెల్ల భాగవత పారాయణ చేశారనీ చెబుతారు. అట్టి స్థలాలు 84. అక్కడ విగ్రహం ఉండదు. వస్త్రం పరచిన గద్దె ఉంటుంది. ఆచార్యులు దానిపై ఇప్పుడు కూడ కూర్చుండి ఉన్నారన్న భావంతో సేవిస్తారు. యాత్రికులు స్నానం చేసి, మైల సోకని మడిబట్ట కట్టుకొని, ఝారీ అనే చిన్న చెంబులో నీరు నింపి ఆ గద్దె వద్ద సమర్పిస్తారు. ఎండన పడి వచ్చిన పెద్దమనిషికి ఇంటివారు మంచినీళ్ళు ఇచ్చినట్లే ఉంటుంది ఆ సేవ. చంపారణ్యంలో రెండవ బైఠక్ కూడ ఉన్నది. దాని పేరు ఛఠీ బైఠక్. పురుడు వచ్చిన ఆరవనాడు జరిపే వేడుకను ఉత్తరాదివారు ఛఠీ అంటారు. చనిపోయినదని వదలిన బిడ్డకు ఆరవనాటి వేడుక జరిగిన చోటు ప్రత్యేకంగా ఒక పూజాస్థానం కావడం గమనింపదగినది.

పుష్టిమార్గపు పూజావిధానమంతా పసిబిడ్డ పెంపకం వంటిది. వారు ఆలయాన్ని మందిరమనక హవేలీ అంటారు. అది నందుని ఇల్లు. తెల్లవారుజామున బాలకృష్ణుని మేలుకొలిపే మంగళ దర్శనంతో మొదలై శృంగార, గ్వాల, రాజభోగ, ఉత్థాపన, భోగ, సంధ్యారతి, శయన దర్శనాలతో దినం ముగుస్తుంది. దర్శనానికీ దర్శనానికీ నడుమ తలుపులు మూసి ఉంటాయి. అప్పుడు స్వామి భుజిస్తూ ఉండవచ్చు, నిద్రిస్తూ ఉండవచ్చు. చలికాలంలో దూది కుట్టిన అంగీలు, వేసవిలో పలుచని వస్త్రాలు, చందనం, ఆటబొమ్మలు. త్వరపడి వచ్చిన యాత్రికునికి మూసిన తలుపు విసుగు కలిగించవచ్చును గాని, నిద్రపోయే బిడ్డను ఎవరు లేపుతారు?

చంపారణ్యంలో మరొక కట్టుబాటు ఉన్నది. ఇక్కడి చెట్లను నరకరు. శిశువును కాపాడినది చెట్టు గనుక గొడ్డలి ఎత్తరాదని వారి నియమం. భవనం కట్టవలసి వచ్చినా చెట్టును తొలగించక, దానికి చోటు విడిచి కట్టుకొంటారు. పాలరాతి తళుకుల నడుమ పాత మ్రాకులు నిలిచి ఉండటం ఈ క్షేత్రపు అందం. చెంతనే మహానది పాయ ఒకటి ప్రవహిస్తున్నది. దానిని భక్తులు యమునగా భావించి పూజిస్తారు. వ్రజభూమి లేని చోట వ్రజభూమిని కల్పించుకోవడం వైష్ణవులకు క్రొత్త కాదు.

వల్లభుల తండ్రి 1489 ప్రాంతంలో తిరుపతిలో కాలధర్మం చెందారు. బాలుడు అప్పటికి పదేళ్ళవాడు. భర్త పోయిన తరువాత ఇల్లమ్మ విజయనగరంలోని తన సోదరుని ఇంట ఉన్నదని సంప్రదాయం. శ్రీకృష్ణదేవరాయలు వల్లభాచార్యులకు కనకాభిషేకం చేసిన ఘట్టాన్ని పుష్టిమార్గీయులు చిత్రాలలో చూపుతారు. దానిమీద చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు. 84 బైఠకులలో తిరుపతి ఒకటి, మంగళగిరి ఒకటి. మంగళగిరి పానకాల నరసింహస్వామిని ఉత్తరాది యాత్రికుల పుస్తకాలు పన్నా నృసింహుడంటాయి. మన పానకం వారి నోట పన్నా అయినది!

దానికంటె ముచ్చటైనది మరొకటి ఉన్నది. హిందీలో, గుజరాతీలో ఆచార్యుల జీవితచరిత్ర వ్రాసినవారు తల్లి పేరును ఇల్లమ్మాగారూ అని వ్రాస్తారు. గారు అన్నది గౌరవవాచకమని వారిలో చాలమంది ఎరుగరు. అది పేరులోని భాగమే అనుకొంటారు. ఆనాడు ఆ ఇంట మన్ననగా పలికిన తెలుగు మాట అయిదు శతాబ్దులకు పైగా, తెలుగు రాని నోళ్ళలో చెక్కుచెదరకుండా నిలిచినది. వల్లభాచార్యులు 1531లో కాశీలో గంగాప్రవేశం చేశారు. ఆయన వంశీకులైన గోస్వాములు నేటికీ తమను తైలంగులమని చెప్పుకొంటారు.

చంపారణ్యంలో ఏటా రెండు ఉత్సవాలకు జనం ఎక్కువ: మాఘ పౌర్ణమి జాతర, ఆచార్యుల జయంతి. జయంతికి వెళ్ళదలచిన తెలుగువారు తిథి విషయంలో జాగ్రత్తపడాలి. ఉత్తరాది పంచాంగాలలో అది వైశాఖ కృష్ణ ఏకాదశి. పౌర్ణమితో నెల ముగించే లెక్క వారిది. అమావాస్యతో ముగించే మన లెక్కలో అదే దినం చైత్ర బహుళ ఏకాదశి అవుతుంది. మన పంచాంగంలోని వైశాఖ బహుళం చూచుకొని బయలుదేరినవారు నెల ఆలస్యంగా చేరుకొంటారు. అప్పటికి ఎండలు ముదురుతాయి గాని, చెట్ల నీడ మాత్రం అలాగే ఉంటుంది.