పడుగూ పేకా లేని బట్ట

మా సిరిసిల్ల దిక్కు ఎవరు గల్ఫ్‌కు పోయినా ‘దుబాయి పోయిండు’ అనే అంటారు. నేను పోయింది ఖతార్‌కు. 2013లో వచ్చాను. దోహాలో మన్సూరా అనే పేటలో ఒక టైలర్ దుకాణంలో పని. వచ్చేటప్పుడు పని గురించి దిగులు లేదు. ఊళ్లో ఏడేళ్లు షర్టులూ ప్యాంట్లూ కుట్టినవాణ్ని. అరబ్బులు తొడుక్కునే తోబ్ నేర్చుకోవడానికి రెండు నెలలు కూడా పట్టలేదు. తెల్లని పాలిస్టర్ బట్ట. కాలరు నిలబడాలి, పక్క కుట్టు చంక నుంచి మడమ దాకా గీత గీసినట్టు దిగాలి. అది చేతికి తెలిసిన పనే. నన్ను ఏడిపించింది బనీన్ గుడ్డ.

టీషర్టులు, ట్రాక్ ప్యాంట్లు, జెర్సీలు, అన్నీ ఆ జాతే. సాగే బట్ట. ఊళ్లో దాన్ని ఎవరూ టైలర్ దగ్గరికి తీసుకురారు, కొనుక్కుంటారు. మా దుకాణంలో ఆ పనంతా ఒక బంగ్లాదేశ్ భాయ్ చూసేవాడు. నారాయణ్‌గంజ్ బనీన్ ఫ్యాక్టరీల్లో తొమ్మిదేళ్లు చేసి వచ్చిన మనిషి. మూలన ఉన్న ఓవర్‌లాక్ మిషను ఆయనది. మేం దాని జోలికి పోయేవాళ్లం కాదు.

ఖతార్‌లో 2012 నుంచి ఏటా ఫిబ్రవరి రెండో మంగళవారం క్రీడల దినం. ఆ రోజు దేశమంతా సెలవు. పిల్లాజెల్లా అంతా ఆటలకు బయల్దేరతారు. 2014లో ఆ రోజు దగ్గర పడుతుండగా భాయ్ సెలవు మీద ఇంటికి పోయాడు. అప్పుడే భీమవరం వైపు నుంచి వచ్చిన ఒకావిడ మెరూన్ రంగు బనీన్ గుడ్డ పట్టుకొచ్చింది.

“అన్నయ్యా, మావాడు కాస్త బొద్దుగా ఉంటాడు. రెడీమేడ్‌లో ఏదీ సరిపోవట్లేదు. ఒక టీషర్టు కుట్టిపెడతారా?”

ఐదేళ్ల పిల్లాడి చొక్కా ఎంతసేపు! రేపు రమ్మన్నాను.

బల్ల మీద పరిచి కత్తెర వేయగానే అంచులు నూనెలో వేసిన అప్పడంలా చుట్టుకుపోయాయి. సాపు చేసి చాక్‌తో గీస్తే గీత జరిగిపోయింది. స్కేలు అదిమిపెట్టి, బట్టను బాగా లాగి పట్టుకుని కోశాను. చెయ్యి తీయగానే ముక్క వెనక్కి గుంజుకుంది. కొలిస్తే అంగుళం తక్కువ. సరే, కుట్టులో సర్దుకుందాం అనుకున్నా. మిషను మీద పెడితే నాలుగు కుట్లు పడి రెండు ఎగిరిపోతున్నాయి. దారం మార్చాను, టెన్షన్ మార్చాను, బాబిన్ తీసి మళ్లీ చుట్టాను. సూది మాత్రం మార్చాలని తట్టలేదు. అడుగు మడత వేసేసరికి అంచు గౌను ఫ్రిల్లులా ఎగిరింది. ఇస్త్రీ పెట్టి అణిచేసి, తగిలించి పెట్టాను.

మర్నాడు పిల్లాణ్ని నిలబెట్టి ఆవిడ తొడిగింది. మెడ ముక్కు దాకా దిగి ఆగిపోయింది. “అమ్మా, చీకటి!” అని లోపల్నుంచి వాడి గొంతు. ఆవిడ కాస్త గట్టిగా లాగింది. పటపటపటమని మెడ చుట్టూ దారం తెగిపోయింది. బట్ట మాత్రం చెక్కుచెదరలేదు. “పర్లేదులే అన్నయ్యా” అంది గానీ నాకు తలెత్తబుద్ధి కాలేదు. ఏడేళ్ల పనివాణ్ని, పిల్లాడి తల పట్టే చొక్కా కుట్టలేకపోయాను.

భాయ్ తిరిగొచ్చాక ఆ చొక్కా చూపించాను. తిప్పి చూసి నవ్వాడు. “నీ బనీను విప్పు” అన్నాడు హిందీలో. ఎందుకో అర్థం కాలేదు. విప్పి ఇచ్చాను. దాన్ని తిరగేసి పక్క కుట్టును రెండు బొటనవేళ్ల మధ్య పట్టి లాగాడు. బట్ట సాగింది. దాంతోపాటు కుట్టూ సాగింది. వదలగానే రెండూ వెనక్కి వచ్చాయి. తర్వాత నా మెరూన్ చొక్కాలో తెగకుండా మిగిలిన చోట లాగాడు. టప్.

మా మామూలు మిషనులో పై దారం, కింది దారం ఒకదాన్నొకటి బిగబట్టుకుని తిన్నగా పోతాయి. సాగడానికి వాటిలో మిగులు దారం ఉండదు. ఓవర్‌లాక్ దారాలు ఉచ్చులు ఉచ్చులుగా అంచు చుట్టూ తిరుగుతాయి. లాగితే ఆ ఉచ్చులు ఒదులవుతాయి. బట్ట ఎలా ఉంటుందో కుట్టూ అలాగే ఉండాలి. అంతే సంగతి.

నాకు సిగ్గేసింది. మా బాపు సిరిసిల్లలో సాంచ, అదే మరమగ్గం, నడుపుతాడు. పడుగు, పేక అనే మాటలు నాకు అ ఆల కంటే ముందే తెలుసు. నిలువు పోగులో అడ్డపోగు దూరితేనే బట్ట అని ఎరిగినవాణ్ని. బనీన్ గుడ్డకు పడుగూ లేదు, పేకా లేదు. ఉచ్చులో ఉచ్చు వేసుకుంటూ పోయే అల్లిక అది. ఇంగ్లండ్‌లో విలియం లీ అనే ఆయన మేజోళ్ల కోసం ఆ అల్లికను 1589లోనే మిషను ఎక్కించాడని తర్వాతెప్పుడో చదివాను. నా దాకా రావడానికి నాలుగు వందల ఏళ్ల పైనే పట్టింది.

భాయ్ చెప్పినవి ఒక్కొక్కటే చేతికి ఎక్కాయి. మొదటిది సూది. మామూలు సూది మొన పోగులో గుచ్చుకుని బట్టను కిందికి ఈడుస్తుంది, అందుకే కింద తిరిగే కొక్కేనికి పై దారం అందక కుట్టు ఎగిరిపోతుంది. బాల్ పాయింట్ సూది మొన కాస్త గుండ్రంగా ఉండి పోగుల సందులోంచి జారిపోతుంది. రెండోది, తాను విప్పి ఒక రాత్రి బల్ల మీద వదిలేయాలి. చుట్టలో సాగిన బట్ట తెల్లారేసరికి తన కొలతకు తాను వస్తుంది. మూడోది మెడ. షర్టుకు గుండీలుంటాయి కాబట్టి మెడకు కొలిస్తే చాలు. టీషర్టు మెడను తలకు కొలవాలి. మెడ చుట్టు 16 అంగుళాలైతే రిబ్బు పట్టీ 13న్నర, 14 మధ్య కోసి, సాగదీస్తూ అతకాలి. సమానంగా కోస్తే నోరు తెరుచుకుని వేలాడుతుంది. భుజం మాత్రం సాగకూడదు, అక్కడ సన్నటి టేపు వేసి కుట్టాలి.

ఇవన్నీ వారంలో వచ్చాయి. రానిది నా చెయ్యి. ఊళ్లో మేస్త్రీ మొదటి రోజే నేర్పిన పాఠం, బట్టను ముందూ వెనకా బిగువుగా పట్టుకోమని. ఏడేళ్లు అదే పని చేసిన చేతులు బనీన్ గుడ్డ మీద కూడా అదే చేస్తాయి. నేసిన బట్టను కాస్త లాగినా కుట్టాక ఏమీ తెలియదు. ఈ బట్ట లాగిన చోటల్లా అలలు లేచి చూపిస్తుంది. ఓవర్‌లాక్ కింద పళ్లు రెండు వరసలు. ముందు వరసను వెనక వరస కంటే వేగంగా పెడితే బట్ట సాగకుండా పోగుపడుతూ నడుస్తుంది. అది పెట్టాక కూడా నాకు అలలే. చివరికి ఒకరోజు భాయ్ నా కుడిచేతి మీద తన చెయ్యి వేసి నొక్కి పట్టాడు. “లాగకు. పళ్లు తీసుకుపోతాయి. నువ్వు దారి చూపించు చాలు.”

రోజూ దుకాణం మూసే ముందు తుక్కులోంచి జానెడు పీలికలు ఇరవై ఏరుకుని కుట్టేవాణ్ని. అల లేని పీలిక పడటానికి నెల పైన పట్టింది. చేతులు మామూలుగా పోవడానికి దగ్గర దగ్గర ఆర్నెల్లు.

2022 నవంబర్ 20న ప్రపంచకప్ మొదలైనప్పుడు ఆ చేతులే తిండి పెట్టాయి. జెర్సీల పక్కలు తగ్గించమని, చేతులు కురచ చేయమని రోజూ జనం. అప్పటికి భాయ్ ఊరికి వెళ్లిపోయాడు, మూల మిషను నాదైంది. అయినా ఒకటి పోగొట్టుకున్నా. వేడి ఇస్త్రీ ఒక అర్జెంటీనా జెర్సీ మీద ఆనించగానే 10 అంకెలో సున్నా పెట్టెకు అంటుకుని వచ్చేసింది. ఆ జెర్సీ డబ్బు నేనే కట్టుకున్నా.

మరుసటి ఏడు సెలవుకు ఇంటికి పోయాను. బాపు అప్పుడే సాంచ మీద నుంచి వచ్చి బనీను ఉతికి దండెం మీద ఆరేశాడు. అది ఇటు తిప్పి అటు తిప్పి చూస్తున్నా.

“ఏం జూస్తున్నవ్ రా?”

“కుట్టు జూస్తున్న బాపు.”

లాగి చూపించాను, ఉచ్చులు చూపించాను. పడుగు లేదంటే నమ్మలేదు. అద్దాలు తెచ్చుకుని, బనీను వెలుతురుకు పట్టి, చిరిగిన అంచు దగ్గర ఒక పోగు గోటితో పట్టి గుంజాడు. అది నిలువుగా రాలేదు, అడ్డంగా రాలేదు. వంకర్లు తిరుగుతూ ఊడొచ్చింది. దాన్ని వేలికి చుట్టుకుని కాసేపు చూశాడు.

“నలభై ఏండ్ల సంది ఇదే తొడుక్కొని సాంచ నడుపుతున్న గదరా” అన్నాడు.