ఎరువు సొమ్ము

కోసపాళయంలోని మా ఇంట్లో ఒక సాయంత్రం నా కుమార్తె వయొలిన్‌పై ‘శ్యామలే మీనాక్షి’ అభ్యసిస్తున్నది. ముత్తుస్వామి దీక్షితులవారి (1775–1835) పేర ప్రసిద్ధమైన నొట్టుస్వరమది.

“ఇది నక్షత్రాన్ని గురించిన ఇంగ్లీషు పాట బాణీ కదమ్మా!” అన్నాను, ఆంగ్ల సాహిత్యం చదివిన గర్వంతో.

వెదికి చూస్తే ఆ గర్వం నిలువలేదు. జేన్ టేలర్ పద్యం వెలువడినది 1806లో. బాణీ 1761లోనే ఫ్రాన్సులో, మాటలు లేకుండా, అచ్చయింది!

మద్రాసు సమీపాన మణలిలో నివసించిన కాలంలో దీక్షితులవారు తెల్లవారి బ్యాండు విన్నారు. తమ్ముడు బాలుస్వామి ఒక యూరోపియన్ వద్ద వయొలిన్ నేర్చి, దానిని కర్ణాటక సంగీతానికి అలవరచారు. అన్నగారు పరాయి బాణీలకు శంకరాభరణ స్వరాలలో సంస్కృత సాహిత్యం కూర్చారు.

నేను ఇరవై ఏళ్లుగా అనువాదకుణ్ణి. “సొంతంగా ఏమీ వ్రాయలేదా?” అని ఎవరైనా అడిగితే తల దించుకునేవాణ్ణి. ఎరువు సొమ్ము బరువు చేటన్న సామెత నా కోసమే పుట్టిందనుకునేవాణ్ణి. కాని మీనాక్షిని కొలిచే ఈ పాటను ఎరువు సొమ్మని ఎవరనగలరు?

ఫ్రెంచివారు 1954లో పాలన విడిచిన ఈ పట్టణంలో, వారి బాణీ నా బిడ్డ కమాను కింద సంస్కృతం పలుకుతున్నది. సగంలో మానివేసిన అనువాదాన్ని ఆ రాత్రే మళ్లీ చేతికి తీసుకున్నాను.