లంద వాసన

మేమిద్దరం ఇటలీ పోయి వచ్చాం. ఈ మాట రాయడానికే నాకు బెరుకుగా ఉంది. మాదిగవాడలో పుట్టి, సాంఘిక సంక్షేమ హాస్టల్లో అన్నం తిని చదువుకున్న పంతులమ్మకు ఇటలీ ఏంటని మీరూ అనుకోవచ్చు. స్టాఫ్‌రూములో ఒక సారు అననే అన్నాడు, "మీకేందమ్మా, నౌకర్లు మీయే, ఫారిన్ టూర్లు మీయే" అని. మూడేళ్ళు చీటీ కట్టి, ఆ పైసలతో పోయామని ఆయనకు చెప్పాల్సి రావడమే నాకు ఎక్కువ బాధయింది. అంతకుముందు ఎండాకాలం ఆయన సింగపూరు పోయొచ్చి చాక్లెట్లు పంచినప్పుడు ఎవరూ లెక్క అడగలేదు.

మమ్మల్ని పిలిచింది నా హాస్టల్ దోస్తు. ఆరో తరగతి నుంచి పది దాకా ఒకే ట్రంకుపెట్టె, ఒకే దుప్పటి. ఇంటర్ అయ్యాక అది మఠంలో చేరింది. నర్సింగు చదివించి రోముకు పంపారు. అక్కడ ముసలమ్మల ఆశ్రమంలో ఒళ్ళు తుడిచి, అన్నం తినిపించే పని. "నేను రాలేను, నువ్వే రావే" అని పదేళ్ళుగా పోరుతుంటే 2025 మే నెల సెలవుల్లో బయల్దేరాం. అది క్యాథలిక్కుల జూబిలీ సంవత్సరం. రోము అంతా మన జాతర లెక్కే ఉంది.

మా ఆయన సంగతి కూడా చెప్పాలి. ఆయన మాల, నేను మాదిగ. బీఎడ్‌లో ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాం. మనిషి మంచివాడే. కానీ పెళ్ళప్పుడు వాళ్ళ చుట్టాలకు మా నాయిన వ్యవసాయం చేస్తాడని చెప్పాడు. నేను కాదనలేదు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ తీర్పు వచ్చిన రోజు, 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో అది అమల్లోకి వచ్చిన రోజు, మా ఇంట్లో టీవీ పెట్టలేదు. ఇద్దరం సభల్లో అంబేడ్కర్ గురించి మాట్లాడే వాళ్ళమే.

రోములో ఫోరం శిథిలాలు చూస్తుంటే ఆయనే 'కులనిర్మూలన' గుర్తుచేశాడు. 1936 నాటి ఆ పుస్తకంలో అంబేడ్కర్ రోము ప్లెబియన్ల ముచ్చట చెప్తాడు. వాళ్ళు తమ తరఫున ఒక కాన్సల్‌ను ఎన్నుకునే హక్కు సాధించుకున్నారు. కానీ ఎన్నికైనవాడు దేవతకు ఇష్టమేనని డెల్ఫీ పూజారులు చెప్తేనే పదవి. ఆ పూజారులు పెద్ద కులపోళ్ళలాంటి పెట్రీషియన్లు. గట్టివాడు గెలిస్తే దేవతకు నచ్చడు, మెత్తనివాడైతే నచ్చుతాడు. మా ఊరు ఎస్సీ రిజర్వయినప్పుడు సర్పంచిని ఎవరి గడీలో ఖాయం చేశారో తలుచుకుని ఇద్దరం నవ్వుకున్నాం. ఇట్లాంటి విషయాల్లో మాకు గొడవలు రావు.

మర్నాడు నా దోస్తు టైబర్ నది పక్కనున్న యూదుల వాడకు తీసుకపోయింది. 1555లో నాలుగో పాల్ అనే పోపు యూదులందర్నీ అక్కడికి తోలి, చుట్టూ గోడ కట్టించి, రాత్రయితే తలుపులకు తాళం వేయించాడు. మగవాళ్ళు పసుపుపచ్చ టోపీ పెట్టుకోవాలె. పాతబట్టల బేరం తప్ప చాలా పనులు వాళ్ళకు నిషేధం. నది పొంగితే ముందు మునిగేది ఆ వాడే. గోడ 1848లో కూలింది, పూర్తి విడుదల 1870లో. తర్వాత 1943 అక్టోబర్ 16న నాజీలు వచ్చి వెయ్యిమందికి పైగా పట్టుకుని ఆష్విట్జ్‌కు పంపితే తిరిగొచ్చింది 16 మంది. ఇప్పుడు ఆ ఇళ్ళ గడపల ముందు చిన్న చిన్న ఇత్తడి బిళ్ళలు పొదిగి ఉన్నాయి. ఇక్కడ ఫలానా మనిషి బతికాడని, పేరు, పుట్టిన ఏడు, ఎక్కడికి తీసుకపోయారో చెక్కారు. నా దోస్తు వంగి ఒక బిళ్ళను కొంగుతో తుడిచింది. ఒకరి కష్టం పక్కన ఇంకొకరి కష్టం పెట్టి తూచడం నాకిష్టం లేదు. ఒకటి మాత్రం అనిపించింది. వాళ్ళకు కూలగొట్టడానికి ఒక గోడన్నా ఉంది. మా వాడకు గోడ కట్టే అవసరమే రాలేదు.

అదే సాయంత్రం ఒక తోలు సంచుల దుకాణంలోకి పోయాం. కొనడానికి కాదు. ఒక భుజం సంచి ధర 320 యూరోలు. అమ్మే పిల్ల ముచ్చటగా చెప్పుకొచ్చింది: ఇది మందులతో కాదు, చెట్ల బెరడుతో పదును చేసిన తోలు, చాలా రోజులు పడుతుంది, చేతిపని. చెప్పి, సంచి మూత తెరిచి నా ముక్కు దగ్గర పెట్టింది. "వాసన చూడండి!"

నాకు కళ్ళు తిరిగినంత పనైంది. అది మా నాయిన వాసన.

మా ఇంటెనక లంద ఉండేది. పచ్చితోలును సున్నపు నీళ్ళలో నానేసి, బొచ్చు గీకి, దంచిన తంగేడు చెక్క నీళ్ళలో ఊరబెట్టేవాళ్ళు. మా తాత మోట బొక్కెనలు కుట్టిండు. కరెంటు మోటార్లొచ్చి బొక్కెనలు పోయాయి, ప్లాస్టిక్ చెప్పులొచ్చి చెప్పులూ పోయాయి. నా చిన్నతనానికి మా నాయిన ఒక్కడే పలుపులకూ, డప్పులకూ లందలో చేయి పెట్టేది. బళ్ళో నా పక్కన కూర్చున్న పిల్ల ముక్కు మూసుకునేది. పంతులు నన్ను కిటికీ దగ్గరికి జరిపాడు. నేను ఇంటికొచ్చి అవ్వతో గాక నాయినతో కొట్లాడిన, "నువ్వు లంద బంజేస్తేనే బడికి పోత" అని. నేను ఏడో తరగతిలో ఉండగా ఆయన దాన్ని పూడ్చాడు. చేతిలో పని లేక కూలికి పోయాడు. నా కోసమే పూడ్చాడని నేను అందరికీ గర్వంగా చెప్పేదాన్ని.

నేపుల్స్ గురించి ఎక్కువ రాయను. సముద్రం బాగుంది. ఇరుకు సందుల్లో ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి తాళ్ళు కట్టి బట్టలు ఆరేసి, వీధిలోకే తెరుచుకున్న ఒంటి గది ఇళ్ళు చూస్తే మా వాళ్ళ దగ్గరికే వచ్చినట్టుంది. అక్కడి నుంచి చిన్న రైల్లో పాంపేయి పోయాం. క్రీ.శ. 79లో వెసూవియస్ కొండ పేలి బూడిదలో కప్పెట్టిన పట్టణం. రాళ్ళు పరిచిన వీధులు, రొట్టెల భట్టీలు, ఉచ్చతో బట్టలు ఉతికే చాకిరేవులు. ఒక మూలకు పోతే గుండ్రటి తొట్లు వరసగా కనబడ్డాయి. బోర్డు చదవక ముందే నాకు తెలిసింది. లంద!

మా వెనకే ఒక తెలుగు కుటుంబం వచ్చింది. జర్మనీలో సాఫ్ట్‌వేరట. ఆయన బోర్డు చదివి పెళ్ళాంతో, "ఓ, మాదిగోళ్ళ పనన్నమాట" అని నవ్వి ముక్కు మూసుకున్నట్టు చేశాడు. రెండువేల ఏళ్ళ కింద ఎండిపోయిన తొట్లకు! తర్వాత మమ్మల్ని చూసి, "తెలుగువాళ్ళా? ఏ ఊరండీ, ఇంటిపేరేంటి?" అన్నాడు.

నేను మాట్లాడలేదు. నలభై మంది పిల్లల ముందు గొంతు చించుకునే నాకు గొంతు రాలేదు. మా ఆయన జిల్లా పేరు చెప్పి ఊరుకున్నాడు. అప్పుడు నా దోస్తు, నెత్తిన ముసుగు సర్దుకుంటూ, "మా ఇంట్ల సుత లంద ఉండేదండీ. మేం మాదిగలం" అంది. ఎంత మామూలుగా అంటే, మేం ఖమ్మం వాళ్ళం అన్నట్టు. ఆయన "అయ్యో సిస్టర్, నా ఉద్దేశం అది కాదు" అని పిల్లను పట్టుకుని ముందుకు పోయాడు. తర్వాత అది నాతో అంది, "ఈడ సుత మనోళ్ళు ఫస్టు ఇంటిపేరే అడుగుతరే. నేను దాచుడు బంజేసిన."

ఆ రాత్రి లాడ్జిలో కొట్లాడుకున్నాం. "నువ్వెందుకు మాట్లాడలే?" అన్నాను. "అది నీ ముచ్చట, నువ్వే మాట్లాడుతవనుకున్న" అన్నాడు. నా ముచ్చట! పెళ్ళినాటి వ్యవసాయం అబద్ధం బయటికి తీశాను. ఆయన చాలాసేపు గోడవైపు చూసి, "నువ్వు సుత ఒప్పుకున్నవు గదా" అన్నాడు. నిజమే. ఆ నిజం మీదనే ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

పొద్దున నేపుల్స్ మ్యూజియంలో ఒక రంగురాళ్ళ బొమ్మ చూశాం. అది పాంపేయి తోళ్ళ కార్ఖానాలో దొరికిందే. నడుమ మనిషి పుర్రె. పైన మేస్త్రీల తూకపుగుండు లాంటిది. ఒక దిక్కు రాజదండం, ఊదారంగు బట్ట. ఇంకో దిక్కు బిచ్చగాడి కర్ర, జోలె. రెండు దిక్కులూ సమానంగా తూగుతున్నాయి. మా ఆయన దాని ముందు చాలాసేపు నిలబడి ఫోటో తీశాడు. ఏమీ అనలేదు.

వచ్చిన వారానికి ఊరికి పోయాం. లంద పూడ్చిన జాగలో ఇప్పుడు సిమెంటు రోడ్డుంది. నాయిన మంచం మీద కూర్చుని ఫోనులో తొట్ల ఫోటో దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"మంచిగ కట్టిర్రు. నీళ్ళు ఏడికెళ్ళి తెచ్చుకునేటోళ్ళు?"

"ఊరంతకు సీసపు గొట్టాలు ఏసుకున్నరు నాయినా."

"ఏం చెక్క ఏసేటోళ్ళట? తంగేడు ఉండదు గద ఆడ?"

"తెల్వదు. అడగలే."

"గంత దూరం పోయి అడగకపోతివి." ఫోను తిరిగిచ్చేశాడు.

మా ఆయన కుర్చీలోంచి లేచి పోయి మంచం పట్టె మీద ఆయన పక్కన కూర్చున్నాడు. పన్నెండేళ్ళలో మొదటిసారి అడిగాడు, "నువ్వు ఎన్ని దినాలు ఊరబెట్టేటోనివి మామా?"

నాయిన నా దిక్కు చూశాడు. తర్వాత ఆయన దిక్కు తిరిగి కూర్చున్నాడు.

"తోలును బట్టి ఉంటది అల్లుడా. ఎద్దు తోలయితే ఒక తీరు, మ్యాక తోలయితే ఒక తీరు. ముందుగాల సున్నం సంగతి చెప్త ఇను..."