పూర్వపక్షము

మా మేనకోడలు ఈ యేడు బి.ఏ. ముగించినది. తరువాత నేమి చదువుదువని తండ్రి యడుగగా, మతములను గూర్చి చదువుదునని చెప్పినదట. మఱునాటి యుదయముననే బావగారు మా యింటికి వచ్చిరి. కాఫీయైన ముట్టక, "ఏమయ్యా! ఈ పిచ్చి దాని కెక్కించినది నీవే గదా! భక్తి యున్నవారు గుడికి బోవుదురు, లేనివారు మానుకొందురు. నడుమ విశ్వవిద్యాలయ మెందులకు? రెండేండ్లు చదివి వచ్చునప్పటికి దానికి దీపము పెట్టు బుద్ధియు పోవును, ఉద్యోగమును రాదు" అనిరి.

ఉద్యోగమును గూర్చి నేను వాదింపలేదు. ఇరువది యేండ్లుగా బడిలో పని చేయుచున్నవాడను. ఆ భయము వట్టిదనుటకు నాకు నోరు రాదు. కాని మొదటి మాట నన్ను గ్రుచ్చినది. అట్టి మాటను మా నాన్నగారు నా విషయమున పైకి అనక, మనసులో బెట్టుకొని చాలకాలము బ్రదికిరి.

మా నాన్నగారే నాకు ఇంట సంస్కృతము చెప్పిరి. కావ్యము లయిన పిదప మాధవాచార్యుని సర్వదర్శనసంగ్రహము పట్టించిరి. అది 14వ శతాబ్దపు గ్రంథము. చార్వాకునితో మొదలిడి, బౌద్ధుని, జైనుని వరుసగా నిలువబెట్టి, ఎవరి వాదమును వారిచే చెప్పించి, వెనుక వచ్చువానిచే ఖండింపజేయుచు బోవును. నేనెఱిగిన బౌద్ధుడు ఆ పుటలలోని బౌద్ధుడే. అతడు వచ్చుట ఓడిపోవుటకే. అతని నోటి మాటలు కూడ మనవారు పెట్టినవే యని ఇరువది రెండేండ్లు వచ్చువఱకు నాకు తోచనైన తోచలేదు.

ఎం.ఏ. చదువుచున్న దినములలో గ్రంథాలయమున నాగార్జునుని మూలమధ్యమకకారికలు నా చేత బడినవి. చంద్రకీర్తి వ్యాఖ్యతో గూడ 1903 మొదలు 1913 వఱకు సెంటుపీటర్సుబర్గులో ఒక బెల్జియము పండితుడు పరిష్కరించి అచ్చువేసిన మూలమది. భాష నాకు వచ్చిన సంస్కృతమే. వృత్తము చిన్ననాట వల్లించిన అనుష్టుప్పే. కాని పూర్వపక్షి తన నోట తాను మాటాడుచుండెను. శంకరులను ప్రతిపక్షులు ప్రచ్ఛన్నబౌద్ధుడని యేల నిందించిరో ఆ రాత్రి మొదటిసారి నాకు కొంత తెలిసినది. ఆ నింద న్యాయమా కాదా యనునది వేఱు ప్రశ్న. రెండువైపుల గ్రంథములును చదువనివానికి ఆ ప్రశ్న నడుగు నధికారమే లేదు.

ఆ వేసవిలోనే నాగార్జునకొండకు బోతిని. ప్రాజెక్టు నీరు క్రమ్మకమునుపు 1954 నుండి 1960 వఱకు ఆ లోయ నంతయు త్రవ్వి, దొరకిన వానిలో కొన్నింటిని కొండమీద భద్రపఱచిరి. పడవ దిగి వస్తుప్రదర్శనశాలలో ఆ ఱాళ్లముందు నిలిచితిని. 3వ శతాబ్దమున ఆ విజయపురిని ఏలిన ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధము చేసినవాడు, మహాసేనుని భక్తుడు. ఆయన తోబుట్టువు చాంతిసిరి బుద్ధుని మహాచైత్యమునకు స్తంభములెత్తించిన పుణ్యాత్మురాలు. ఆయన కుమారుడు వీరపురుషదత్తుడు మేనత్త కూతుండ్రను పెండ్లాడెను. (మేనరికము మన దేశమున ఎంత పాతదో చూడుడు!) ఒక్క కుటుంబమున మగవారు యజ్ఞము చేయుచుండగా ఆడువారు విహారములకు దానము చేయుచుండిరి, ఒకరినొకరు వెలివేసికొనలేదు.

ఇది యెట్లు పొసగినది? భక్తి యొక్కటే తెలిసినవాడు ఆమె బౌద్ధురా లనును, అంతటితో సరి. చరిత్ర తెలిసినవాడు శాతవాహనుల యేలుబడి యంతరించిన వెంటనే లేచిన క్రొత్త కులమిదియని చెప్పును. రాజనీతి తెలిసినవాడు, క్రొత్తగా గద్దె నెక్కినవానికి తాను సార్వభౌముడనని చాటుటకు అశ్వమేధముకంటె తగిన తెఱగు లేదని చెప్పును. అక్కడ సింహళవిహార మొకటి యుండుటను జూపి, సముద్రముమీది రాకపోకలను స్మరింపజేయును. సాహిత్యము తెలిసినవాడు ఆ ప్రాకృత దానశాసనములలో ఉభయలోకముల సుఖమును నిర్వాణమును ఆమె ఒక్క ఊపిరితో కోరుకొన్న తీరును గమనించును. వీరిలో నెవ్వరును చాంతిసిరి మనసును పూర్తిగా చూడలేరు. కాని నలుగురును లేనిచో ఆమె మనకు ఱాతిమీది పేరు మాత్రమే. పాల్కురికి సోమనాథుడు బసవని కథకు ద్విపద నేల యెన్నుకొనెను, బసవడు కల్యాణమున బిజ్జలుని కొలువులో మంత్రియై యుండుటకును ఆ మతము ప్రబలుటకును సంబంధమేమి యనునవియు ఇట్టి ప్రశ్నలే.

ఇంతవఱకు బాగుగనే యున్నది. నేను చేసిన తప్పు దీని తరువాతిది. ఆ యేడు తాతగారి ఆబ్దికమునాడు, భోక్తలు కూర్చుండియుండగా, ఏ మంత్రము ఏ కాలమునాటిదో, ఏ యాచారము ఎప్పుడు చేరినదో నాన్నగారికి నేను విప్పి చెప్ప మొదలిడితిని. అడిగినవారు లేరు. నాన్నగారు తల వంచుకొని పిండములు పెట్టి లేచిరి. ఆ దినము మొదలు మేమిద్దఱము కలిసి పుస్తకము తెఱువలేదు. ఆయన పోయిన పిదప ఆ సర్వదర్శనసంగ్రహమును నేను తీసి చూడగా, బౌద్ధదర్శనము ప్రక్కన పెన్సిలుతో, "వీరి మూలగ్రంథమును గూర్చి అబ్బాయి నడుగవలెను" అని వ్రాసియున్నది. ఆయన అడుగలేదు, అడుగుటకు నేను చోటీయలేదు. మాధవాచార్యుడు ఎదిరిపక్షమును ముందుగా నిండుగా చెప్పినగాని ఖండనకు దిగడు. నేను మా నాన్నగారి పక్షమును ఒక్కసారియైన చెప్పనిచ్చి యెఱుగను.

కనుక బావగారి భయమును నేను నవ్వి త్రోసివేయలేకపోతిని. ఈ కథయంతయు వారికి చెప్పితిని. వారు కొంతసేపు ఊరకుండి, ఈ సారి కాఫీ పుచ్చుకొని, "అయినను, మతము చెప్పుట సర్కారు పనియా?" అని వేఱొక దారి పట్టిరి. రాజ్యాంగము 28వ అధికరణము సర్కారు సొమ్ముతోనే నడచు విద్యాసంస్థలలో మతబోధ కూడదనుచున్నది, నిజమే. మతమును బోధించుట వేఱు, మతములను గూర్చి చదువుట వేఱని 2002లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. అంతకు ముందే, 1948-49లో విశ్వవిద్యాలయ విద్యాసంఘమునకు అధ్యక్షులైన రాధాకృష్ణపండితులు, డిగ్రీ మొదటి యేట బుద్ధుడు, యేసు, శంకరుడు, మహమ్మదు, కబీరు, నానకు మొదలగువారి చరిత్రలును, రెండవయేట మతగ్రంథములలోని భాగములును, మూడవయేట మతతత్త్వశాస్త్రమును చెప్పవలెనని సూచించిరి. 1931 నుండి 1936 వఱకు మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షులై, ఆ పిమ్మట ఆక్సుఫర్డులో ప్రాచ్యమతములను బోధించినవారి సూచన యిది. నాకు దానిలో నొక్కటే కొఱత తోచును. మహాపురుషుల నందఱిని ఒక్క పీట మీద గూర్చుండబెట్టినారు గాని, వారి యనుయాయుల కలహములకు చోటీయలేదు. పిల్లలు రేపు వీధిలో చూడబోవునవి ఆ కలహములే గదా!

సాయంకాలము పిల్లయే వచ్చినది. "మామయ్యా, నేను దీపము పెట్టుట మానుదునని నాన్నగారితో ఎప్పుడంటిని?" అని యడిగి, తాతగారి పుస్తకమిమ్మన్నది. ఇచ్చితిని. ఆ పెన్సిలు వ్రాతను చూచి ఏమియు మాటాడలేదు. కాగితపు ముక్క యొకటి ఆ పుటలో నుంచి మూసినది.

దరఖాస్తునకు గడువు నెలాఖరువఱకు నున్నది. బావగారు ఇంకను సంతకము చేయలేదు. ఆ పుస్తకము మాత్రము ఇప్పుడు వారి బల్లమీదనే యున్నదని మా అక్కయ్య చెప్పినది.