సరిపడే చక్రం, తగిన చక్రం

ఢిల్లీ చూడవచ్చిన తెలుగువారు ఎర్రకోట, కుతుబ్ మీనారు, రాజ్‌ఘాట్ దర్శించి, అశోకా రోడ్డులోని ఆంధ్రాభవన్‌లో పప్పన్నం తిని రైలెక్కుతారు. రాళ్లతో కట్టిన ఆ ఢిల్లీ పక్కనే ఇనుముతో నిండిన మరో ఢిల్లీ ఉన్నది. దానికి కోటగోడలు లేవు, ప్రవేశ రుసుము లేదు. యాత్రికుల కోసం అచ్చయ్యే పుస్తకాలలో దాని ఊసు అరుదు. అయినా పాత మోటారు బండిని మళ్లీ నడిపించాలని సంకల్పించిన మనిషి ఏదో ఒకనాడు ఆ ఢిల్లీ వైపు చూడక తప్పదు.

అతని వద్ద ఉన్నది ఒక పాత పికప్ బండి అనుకుందాం. ముందు డ్రైవరు గది, వెనుక సరుకు వేసుకొనే తెరిచిన తొట్టి. షెవ్రోలే కావచ్చు, విల్లీస్ కావచ్చు. ఇంజను అరిగితే బోరు చేయించవచ్చు. రేకు తుప్పు పడితే కమ్మరి సాగగొట్టి కొత్త రేకు అతుకుతాడు. తొట్టిలోని చెక్కలను వడ్రంగి మార్చగలడు. కాని చక్రం సంగతి వేరు. ఉక్కు పలకను పెద్ద యంత్రాల కింద అదిమి, గుండ్రటి పళ్లెంగా మలిచి, దానిని రిమ్ముకు అతికితే తయారయ్యే వస్తువది. వీధి చివర కొలిమిలో పుట్టేది కాదు. అందుచేత పాత బండిని పునరుద్ధరించే వారిలో చాలామంది అన్నీ సమకూర్చుకొని చివరికి చక్రాల దగ్గర ఆగిపోతారు.

అసలు చక్రాలు ఏమైనాయి?

ఈ ప్రశ్నకు సమాధానం మన దేశ చరిత్రలోనే ఉన్నది. జనరల్ మోటార్స్ సంస్థ 1928లో బొంబాయిలో కర్మాగారం నెలకొల్పి, షెవ్రోలే కార్లనూ ట్రక్కులనూ ఇక్కడే కూర్చి అమ్మింది. 1954లో ఆ కర్మాగారం మూతపడింది. మహీంద్రా వారు 1940ల చివరి నుంచి విల్లీస్ జీపులను కూర్చసాగారు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత సైన్యం వదిలివెళ్లిన ట్రక్కులు, జీపులు డిస్పోజల్స్ వేలంపాటల ద్వారా ఊరూరికీ చేరాయి. ఆ తరువాతి దశాబ్దాలలో విదేశీ మారక ద్రవ్యం కొరత వల్ల దిగుమతులపై కఠినమైన ఆంక్షలు వచ్చాయి. బండి అమెరికాది, దాని విడిభాగాలు సముద్రానికి ఆవల.

బతుకుతెరువుకు నడిచే బండి ఆగితే పూట గడవదు. కనుక అసలు చక్రం వంగినప్పుడు అందుబాటులో ఉన్న మరో చక్రం వేశారు. ఒక బండి రిమ్మును మరో బండి పళ్లేనికి వెల్డింగు చేశారు. అవసరమైతే హబ్బులే మార్చారు. దానిని తప్పు పట్టడానికి వీల్లేదు. ఆ బండ్లు మన కాలం దాకా నిలిచాయంటే ఆ ఉపాయాల వల్లనే. కాని ఈనాడు ఆ బండిని తొలి రూపానికి తీసుకురావాలనుకొనే వారికి ఆ ఉపాయాలే చిక్కుముడులు.

కాశ్మీరీ గేటు వద్ద

ఇనుప ఢిల్లీకి సింహద్వారం కాశ్మీరీ గేటు. 1857 సెప్టెంబరు 14న బ్రిటిషు సేనలు ఈ ద్వారాన్ని పేల్చి నగరంలోనికి చొరబడ్డాయి. ఆనాటి పోరులో గాయపడి మరణించిన జాన్ నికల్సన్ పేరును పక్కనున్న వీధి ఇంకా మోస్తున్నది. ఆ వీధిలోనూ, మోరీ గేటు పరిసరాలలోనూ ఇప్పుడు మోగేవి తుపాకులు కావు, మోటారు విడిభాగాలు. బేరింగులు, గేర్లు, గాస్కెట్లు, సైలెన్సర్లు గోడల నిండా వేలాడుతుంటాయి. విజయవాడ ఆటోనగర్ ఎరిగినవారికి ఈ వాసన, ఈ చప్పుడు కొత్త కావు. అయితే అక్కడ ప్రధానంగా కనిపించేది మరమ్మతు. ఇక్కడ ప్రధానంగా సాగేది వర్తకం.

పాత పికప్ చక్రం కావాలని అడిగితే దుకాణదారు సాధారణంగా లేదనడు. ఏదో ఒక చక్రం తెచ్చి ముందు పెట్టి, ‘లగ్ జాయేగా’ అంటాడు. పడుతుంది లెండి, అని దాని అర్థం. అతడు అబద్ధమాడటం లేదు. నిజంగానే పడుతుంది. కొనుగోలుదారు అసలు పరీక్ష అక్కడే మొదలవుతుంది.

చక్రాన్ని హబ్బుకు బిగించే బోల్టుల రంధ్రాలన్నీ ఒక వలయం మీద ఉంటాయి. ఆ వలయం వ్యాసమే మొదటి కొలత. విల్లీస్ జీపుకు 5 రంధ్రాలు. వలయ వ్యాసం 5.5 అంగుళాలు, అనగా 139.7 మిల్లీమీటర్లు. షెవ్రోలే అర టన్ను పికప్‌కు వ్యాసం అదే, రంధ్రాలు మాత్రం 6. ఆరు రంధ్రాలుంటే ఎదురెదురు రంధ్రాల మధ్య బిందువుల దూరం కొలిస్తే చాలు. అయిదు రంధ్రాలకు ఎదురు రంధ్రం ఉండదు కనుక, పక్కపక్కనున్న రెండు రంధ్రాల మధ్య బిందువుల దూరాన్ని 1.701తో గుణించాలి. జీపు చక్రానికి ఆ దూరం సుమారు 82 మిల్లీమీటర్లు.

విశేషమేమంటే ఈ కొలతలు నేటికీ చావలేదు. మారుతీ జిప్సీకి 5 రంధ్రాలతో 139.7 మిల్లీమీటర్లే. టయోటా ఫార్చ్యూనర్‌కు 6 రంధ్రాలతో అదే వ్యాసం. కనుక నిన్నటి చక్రం డెబ్బై ఏళ్ల నాటి బండి బోల్టులకు ఎక్కవచ్చు. కాని హబ్బు దూరే మధ్య రంధ్రం వేరు. రిమ్ము వెడల్పు వేరు. చక్రం లోనికి ఎంత జరిగి కూర్చోవాలనే లెక్క వేరు; అది తప్పితే మలుపులో టైరు ఇరుసు కడ్డీలకో, మడ్గార్డుకో ఒరుసుకుంటుంది, బేరింగుపై భారం పక్కకు ఒరుగుతుంది. పాత షెవ్రోలే పికప్ చక్రంలో ముందరి మూతను పట్టి ఉంచే చిన్న క్లిప్పులు ఉండేవి. అవి లేని చక్రానికి అసలు మూత నిలవదు. పాత జీపులలో ఎడమవైపు బోల్టుల మర ఎడమకు తిరుగుతుంది. ఆ సంగతి ఎరుగని మెకానిక్ విప్పబోయి బిగిస్తాడు, బోల్టు విరుగుతుంది.

టైరులోనూ ఇదే మాయ ఉన్నది. జీపు టైరు కొలత 6.00-16. ట్రాక్టరు ముందు చక్రాలకు వేసే టైర్లలోనూ 6.00-16 కొలత దొరుకుతుంది. రిమ్ముకు రెండూ ఎక్కుతాయి. కాని దున్నిన నేలలో దారి పట్టడానికి చేసిన టైరు రహదారి వేగానికి చేసినది కాదు.

అందువల్ల అనుభవజ్ఞులు బజారుకు వెళ్లే ముందు తమ బండి కిందికే తొంగి చూస్తారు. వాడుక తక్కువ కనుక, తొట్టి కింద వేలాడే అదనపు చక్రం ఒక్కొక్కసారి కర్మాగారం నుంచి వచ్చినదే అయి ఉంటుంది. మట్టి గీకితే తయారీదారు ముద్ర బయటపడవచ్చు. అటువంటి చక్రమొకటి దొరికితే మిగిలిన నాలుగింటికీ అదే కొలబద్ద.

మాయాపురిలో

కాశ్మీరీ గేటులో దొరకనిదానికి పశ్చిమ ఢిల్లీలోని మాయాపురి దిక్కు. ఆ పేరులో కవిత్వమున్నది గాని వీధులలో లేదు. బండ్లు ఇక్కడికి చివరి ప్రయాణంగా వస్తాయి. తలుపులు ఒకచోట, ఇరుసులు ఒకచోట, ఇంజన్లు ఒకచోట గుట్టలుగా పడి ఉంటాయి. విడదీయడంలో ఇక్కడి పనివారి నైపుణ్యం ఆశ్చర్యకరం. నేల మీద నూనె, గాలిలో గ్యాసు కట్టరు వాసన.

తుక్కు వ్యాపారంలోని ప్రమాదానికి ఈ పేట ఒక విషాద సాక్ష్యం. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం వేలం వేసిన ఒక పాత పరికరం ఇక్కడికి చేరింది. అందులో కోబాల్ట్-60 ఉన్నదని ఎరుగక దానిని విప్పారు. రేడియేషన్ సోకి పలువురు ఆసుపత్రి పాలయ్యారు. ఏప్రిల్‌లో ఒక కార్మికుడు మరణించాడు. పాత వస్తువు ఏమిటో, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా దానిపై చేయి వేయరాదన్న పాఠాన్ని ఒక పేదవాని ప్రాణం చెల్లించి నేర్చుకున్నాము.

చక్రాల విషయంలోనూ ఆ పాఠం వర్తిస్తుంది. అర టన్ను పికప్‌లకు సాధారణంగా ఏకఖండ రిమ్ములుండేవి. అంతకన్న బరువైన కొన్ని ట్రక్కులకు టైరును పట్టి ఉంచే ఉక్కు వలయం విడిగా ఉండేది. సైనిక జీపు చక్రమైతే రెండు సగాలుగా చేసి, 8 బోల్టులతో కలిపినది. టైరులో గాలి ఉండగా ఆ బోల్టులు విప్పినా, తుప్పు తిన్న వలయం గాలి నింపేటప్పుడు ఎగిరిపడినా ఎదుటి మనిషి బతకడం కష్టం. గాలి పూర్తిగా తీసి, వాల్వు పుల్లను సైతం బయటికి లాగిన తరువాతనే అటువంటి చక్రాన్ని ముట్టుకోవాలి.

మట్టికుండను మోగించి కొనడం మన ఇల్లాండ్రకు తెలిసిన విద్య. చక్రాన్ని కంటితో మోగించాలి. రంగు గీకించి బోల్టు రంధ్రాల చుట్టూ వెంట్రుకవాసి పగుళ్లు వెదకాలి. రంధ్రాలు కోడిగుడ్డు ఆకారానికి సాగితే వదిలివేయాలి. హబ్బుకు బిగించి తిప్పి, వంకర ఎంతో చూడాలి. పాత రిమ్ములలో పళ్లేన్ని రివెట్లతో అతికేవారు. వాటి సందుల గుండా గాలి జారుతుంది కనుక వాటికి ట్యూబు తప్పనిసరి. అన్నిటికన్న ముఖ్యం రసీదు. దొంగబండి చక్రంతో మన బండిని ఉద్ధరించడం పుణ్యం కాదు.

పదిహేనుకూ యాభైకీ నడుమ

ఇంతటి శ్రమ ఎందుకన్న ప్రశ్నకు చట్టంలో ఒక సమాధానం ఉన్నది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014, 2015 సంవత్సరాలలో ఇచ్చిన ఉత్తర్వులను అనుసరించి, 10 ఏళ్లు దాటిన డీజిలు బండ్లు, 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండ్లు రాజధాని ప్రాంతపు రోడ్లపై తిరగరాదని 2018లో సుప్రీం కోర్టు ఆదేశించింది. దాని అమలుపై 2025లోనూ వాదోపవాదాలు సాగాయి. ఢిల్లీ గాలి పీల్చే పసిపిల్లలను తలచుకొంటే ఆ నిబంధన వెనుకనున్న ఆవేదనను ఎవరూ కాదనలేరు.

మరొక వంక, 2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ వింటేజ్ బండ్లకు ప్రత్యేక నియమాలు ప్రకటించింది. తొలి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసిస్‌లో గాని బాడీలో గాని ఇంజనులో గాని గణనీయమైన మార్పు జరగని బండికి ‘వి.ఎ.’ అక్షరాలున్న నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు. అటువంటి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, ఇంధనం కొరకు నడపవచ్చు. నిత్య ప్రయాణానికీ వ్యాపారానికీ కాదు.

ఈ రెండు నియమాల నడుమ 35 ఏళ్ల ఎడారి ఉన్నది. రాజధానిలో పెట్రోలు బండి 15వ ఏట రోడ్డు దిగాలన్నది 2018 నాటి ఆదేశం. గౌరవం దక్కేది 50వ ఏట. ఆ ఎడారిని దాటే లోపల అనేకం తుక్కుగా కరిగిపోతాయి. బండితోపాటు దాని చక్రాలూ కరుగుతాయి. కరిగిన ప్రతి చక్రంతో మిగిలిన వాటి విలువ పెరుగుతుంది, దొరికే అవకాశం తరుగుతుంది. అమెరికాలో పాత నమూనా ప్రకారం కొత్త ఉక్కు చక్రాలు చేసి అమ్మేవారున్నారు. ఓడ కిరాయి, సుంకం భరించగలవారికి అదొక మార్గం. సురక్షితమైన మార్గం కూడా.

తావడూలో

కొనే ముందు అసలు రూపం ఎలా ఉంటుందో చూడదలచినవారు ఢిల్లీ నుంచి గురుగ్రామ్ మీదుగా నూహ్ జిల్లాలోని తావడూకు వెళ్లవచ్చు. 2013 డిసెంబరులో తరుణ్ ఠక్రాల్ అక్కడ హెరిటేజ్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం స్థాపించారు. పల్లకీలు, ఎద్దుబండ్లు మొదలుకొని మోటారు కార్ల వరకు అక్కడ ఒకే కప్పు కింద కొలువుతీరాయి. బజారులో విడివిడిగా చూసిన భాగాలు ఇక్కడ తమ తమ స్థానాలలో కనిపిస్తాయి.

అక్కడి ఎద్దుబండి ముందు తెలుగువాడు ఒక్క నిమిషం ఆగితే మంచిది. మన వడ్రంగి చక్రం చేసేటప్పుడు ఆకుల లెక్క, పూటీల వంపు ఎక్కడి నుంచో అరువు తెచ్చుకోడు. ఆ బండిని, అది మోయవలసిన బరువును, అది నడిచే నేలను చూసి చేస్తాడు. ఇరుసుకు ఎక్కినంత మాత్రాన చక్రం ఆ బండిది కాదని అతనికి తెలుసు. అమెరికా కర్మాగారంలో గీతలు గీసిన ఇంజనీరు ఎరిగినదీ అదే.

పాత చక్రాల కోసం ఎండలో తిరిగేవారిని చూసి నవ్వేవారు ఉంటారు. కాని ఒక తరం శ్రమజీవులు కూరగాయలు, ఇటుకలు, పెళ్లి సామాను మోసిన బండి ఎలా ఉండేదో తరువాతి తరం కళ్లారా చూడాలంటే ఎవరో ఒకరు ‘పడుతుంది లెండి’ అన్న మాటకు లొంగకుండా నిలబడాలి. సరిపడేదానితో బండి నడుస్తుంది. తగినది దొరికినప్పుడే దాని చరిత్ర నిలుస్తుంది.