సీసాలో వెండి ఆకులు

గుంతకల్లు నుంచి డోన్ వైపు రైలెక్కితే దారిలో మద్దికెర వస్తుంది. అది కర్నూలు జిల్లాలో వుంది. దసరాకు అక్కడ గుర్రాల పందాలు జరుగుతాయి. తొలకరి పడగానే మద్దికెర, తుగ్గలి, జొన్నగిరి చేలలో జనం తలలు వంచుకుని వజ్రాలకోసం వెతుకుతారు. వాన మట్టిని కడిగితే, లోపలి రాళ్ళు బయటపడి మెరుస్తాయి గదా!

కాని ఆ సీమలో వానలు తక్కువ. ఎండాకాలం వచ్చిందంటే ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, వడగాలి కొడుతుంది. అటువంటి చోట, చెమ్మగా వుండే వియత్నాం అడవుల మొక్క ఒకటి బ్రతుకుతుందా? బ్రతికించవచ్చు. ఎలాగో చెబుతాను, వినండి.

ఆ మొక్క పేరు పిలియా. ఆకుపచ్చని ఆకుమీద వెండిరేకులు అంటించినట్టు మచ్చలుంటాయి. అందుకే దానిని అల్యూమినియం మొక్క అనికూడా అంటారు. ఆకులో వెండీ లేదు, అల్యూమినియమూ లేదు, వున్నది గాలి! మచ్చలున్న చోట ఆకు పైపొర కొంచెం ఉబికి, దాని కింద గాలి చేరుతుంది. పడిన వెలుతురును ఆ గాలిపొర తిప్పికొడుతుంది. ఖాళీ గాజుగొట్టాన్ని అడుగు మూసి నీళ్ళలో ముంచి, పైనుంచి ఏటవాలుగా చూడండి. అదికూడా వెండిలాగే మెరుస్తుంది.

ఈ మొక్కకు నీరుకన్న గాలిలో తేమ ముఖ్యం. దానికి ఉపాయం లండన్‌లో వార్డు అనే వైద్యుడికి 1829లో దొరికింది. ఆయన ఒక పురుగుగూడును తడిమట్టితో సీసాలో పెట్టి మూశాడు. పురుగు సంగతి ఎలా వున్నా, ఆ మట్టిలో చిన్న ఫెర్ను మొక్క, కాస్త గడ్డి మొలిచాయి. బొగ్గు పొగకు బయట చచ్చిపోయే ఫెర్ను సీసాలో హాయిగా పెరిగింది! తరువాత అటువంటి గాజు పెట్టెలలోనే తేయాకు మొక్కలు చైనానుంచి ఓడలమీద మన దేశానికి వచ్చాయి.

మీరూ చేసి చూడండి. వెడల్పు మూతి గల గాజు సీసా తీసుకోండి. అడుగున అంగుళం మందాన గులకరాళ్ళు, వాటిమీద కొన్ని బొగ్గుముక్కలు వేయండి. ఆ పైన ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన ఆకు ఎరువు కలిపి పోయండి. పిలియా కొమ్మను కణుపు కింద నాలుగంగుళాల పొడుగున కోసి, అడుగు ఆకులు తీసి నాటండి. మట్టి తడిసేటన్ని నీళ్ళు మాత్రం పోసి మూత పెట్టండి. సీసాను వెలుతురు వచ్చే చోట వుంచండి గాని, ఎండలో పెట్టకండి. ఎండలో మూసిన సీసా పొయ్యిలాగా కాగి, మొక్క ఉడికిపోతుంది. గాజుమీద రోజంతా నీటిబొట్లు నిలిచివుంటే, ఒక గంటసేపు మూత తీయండి.

ఆరుబయట పెంచాలంటే, వానలు మొదలయిన తరువాత వేపచెట్టు నీడన నాటండి. వేసవి రాగానే దానిని కుండీలోకి మార్చి, ఇంట్లో నీళ్ళకుండ ప్రక్కన పెట్టండి. కుండనుంచి వచ్చే చల్లని తేమ దానిని కాపాడుతుంది.

సీసాలో ఏం జరుగుతుందో గమనించండి. ఆకులు విడిచిన ఆవిరి గాజుకు తగిలి బొట్లవుతుంది. బొట్లు జారి మళ్ళీ మట్టిలో చేరతాయి. అందుకే, ఒకసారి పోసిన గ్లాసెడు నీళ్ళు నెలల తరబడి సరిపోతాయి. మన భూమి కూడా ఇటువంటి సీసాయే. అయితే మద్దికెర చేలనుంచి ఆవిరైపోయిన నీరు మళ్ళీ మద్దికెరలోనే కురుస్తుందన్న నమ్మకం లేదు. అందుకే పడిన వానను గట్టు వేసి, చెరువు తీసి నిలుపుకోవాలి. వజ్రం దొరకడం అదృష్టం. నీటిని దాచుకోవడం మాత్రం మన చేతిలో పని.